ఇల్లు ఒకటే, విలువలు అరడజను

2023 ఆగస్టు 3న హైదరాబాద్ శివారు కోకాపేటలో నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ నియోపోలిస్ లేఅవుట్ ప్లాట్లను వేలం వేసింది. అందులో ఒకటి ఎకరం 100 కోట్ల 75 లక్షల రూపాయలకు పోయింది. ఆ రాత్రి నగరం చుట్టూ ఎన్ని ఇళ్లలో ఫోన్ క్యాలిక్యులేటర్లు తెరుచుకున్నాయో లెక్కలేదు. ఎకరానికి 4,840 గజాలు. భాగిస్తే గజం రెండు లక్షల ఎనిమిది వేల పైచిలుకు. ‘మనది అక్కడికి అయిదు కిలోమీటర్లేగా, అందులో సగం వేసుకున్నా రెండు వందల గజాలకు రెండు కోట్లు’ అని లెక్క తేలిపోయింది. మర్నాటి నుంచి బ్రోకర్లు కూడా అదే పాట.

బ్యాంకు తరఫున వచ్చే వాల్యూయర్ మాత్రం ఆ గుణకారం చేయరు. వేలంలో అమ్ముడైంది ఎకరాల లెక్కన ఉన్న ఏకఖండం. అమ్మింది ప్రభుత్వ సంస్థ కనుక టైటిల్ బెంగ తక్కువ. వెడల్పాటి రోడ్లు ముందే పడ్డాయి. కొన్న కంపెనీ ఆ నేల మీద ఎన్ని లక్షల చదరపు అడుగుల టవర్లు లేపి అమ్ముకోగలదో చూసుకుని ఆ రేటు పాడింది. రెండు వందల గజాల ప్లాటులో రెండో అంతస్తో మూడో అంతస్తో దాటనప్పుడు ఆ లెక్క ఇక్కడ పనికిరాదు. దగ్గరలో ఉన్నంత మాత్రాన రెండు ఆస్తులు పోలికకు రావు. పరిమాణం, రోడ్డు వెడల్పు, అనుమతులు, కొనే జనం, ఇవన్నీ దగ్గరగా ఉంటేనే పోలిక.

‘ఈ ఇంటి విలువ ఎంతండీ?’ అని అడిగితే అనుభవమున్న వాల్యూయర్ ఎదురు ప్రశ్న వేస్తారు: ‘దేనికి?’ అప్పు కోసమా, అమ్మకానికా, పన్ను లెక్కకా, అన్నదమ్ముల పంపకానికా, బీమాకా? ఆ వెంటనే ఇంకొకటి: ‘ఏ తేదీ నాటికి?’ ఈ రెండిటికీ జవాబు లేకుండా చెప్పిన అంకె ఎంత పెద్దదైనా గాల్లో మాటే. పెళ్లి సంబంధం దగ్గర చెప్పే జీతం, బ్యాంకుకు చూపే జీతం, పన్ను రిటర్నులో రాసే జీతం అచ్చంగా ఒకటే అయిన ఇళ్లు ఎన్ని ఉంటాయి? ఆస్తిదీ అదే సంగతి. తేడా ఏమిటంటే, ఇక్కడ ఒక్కో అంకె వెనుక నిజంగానే వేరే పద్ధతి ఉంది.

పిల్లను అమెరికా చదువుకు పంపే కుటుంబాల్లో ఇది కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. ఆస్తి తాకట్టు పెట్టి చదువు అప్పు తీసుకునేటప్పుడు బ్యాంకు వాల్యూయర్ ఒక రిపోర్టు ఇస్తారు. వీసా ఫైలులో పెట్టడానికి ఆడిటర్ దగ్గర తీసుకునే నెట్‌వర్త్ సర్టిఫికెట్ కోసం అదే ఇంటికి మరో రిపోర్టు వస్తుంది. మొదటిది బిగదీసి ఉంటుంది, రెండోది కాస్త ఉదారంగా ఉంటుంది. రెండో కాగితాన్ని చూసి పొంగిపోవడం, దాన్నే పట్టుకుని అమ్మకం ధర ఖాయం చేసుకోవడం తొందరపాటు. కాగితం మీద ఇల్లు ఎంత విలువైనదైనా, వచ్చే సెమిస్టరు ఫీజు కట్టే డబ్బు ఆ అంకెలోంచి రాదు.

ఇంతకీ ఈ వాల్యూయర్లు ఎవరు? ఎక్కువమంది సివిల్ ఇంజినీర్లు, కొందరు ఆర్కిటెక్టులు. 2013 కంపెనీల చట్టం 247వ సెక్షన్, దాని కింద 2017లో వచ్చిన నిబంధనల ప్రకారం పరీక్ష రాసి దివాలా వ్యవహారాల బోర్డు ఐబీబీఐ దగ్గర నమోదయ్యేవారు ఒక వర్గం. అందులో భూమి-భవనాలు, ప్లాంటు-యంత్రాలు, సెక్యూరిటీలు-ఆర్థిక ఆస్తులు అని మూడు తరగతులున్నాయి. షేర్ల విలువ కట్టే సర్టిఫికెట్ ఉన్నవారు ఇంటి విలువ కట్టడానికి పనికిరారు కాబట్టి ఏ తరగతో అడిగి చూసుకోవాలి. 1957 సంపద పన్ను చట్టం కింద నమోదైనవారు ఇంకో వర్గం. సంపద పన్ను 2015 బడ్జెట్‌తో పోయినా, ఆదాయపు పన్ను పనుల్లో ఆ నమోదుకు గుర్తింపు మిగిలింది. ఇవి రెండూ ఉన్నా ఫలానా బ్యాంకు ప్యానెల్‌లో పేరు లేకపోతే ఆ బ్యాంకు ఆ రిపోర్టు తీసుకోదు. డబ్బు ఖర్చుపెట్టి ముందే రిపోర్టు రాయించుకుని బ్యాంకుకు వెళ్లినవారు ఈ ముక్క ఆలస్యంగా తెలుసుకుంటారు.

ఇంటికొచ్చిన మనిషి గంటలోపే వెళ్లిపోతే ‘ఏం చూశాడు’ అనిపిస్తుంది. చూసేవి చాలానే ఉంటాయి. నాలుగు హద్దులు డాక్యుమెంటులో రాసినట్టే ఉన్నాయా, టేపు పెడితే గజాలు సరిపోతున్నాయా, ముందు రోడ్డు ఎన్ని అడుగులు, ప్లానులో చూపిన సెట్‌బ్యాక్‌లు నేల మీద ఉన్నాయా, స్లాబుకు చెమ్మ పట్టిందా, ఇంట్లో ఉంటున్నది యజమానా కిరాయిదారా. ఫొటోలు లొకేషన్‌తో సహా తీసుకుంటారు. ఆ తర్వాత వీధి చివర కిరాణా కొట్టు దగ్గరో, ఇస్త్రీ బండి దగ్గరో ఆగి ‘ఇక్కడ గజం ఎంత నడుస్తోంది?’ అని అడుగుతారు. రిపోర్టులో ‘స్థానిక విచారణ’ అని గంభీరంగా పడేది ఇదే.

ఆ విచారణ ఎందుకు అవసరమైందన్నదే ఈ మొత్తం వ్యవహారంలో అసలు కథ.

పక్కిళ్లు ఎంతకు అమ్ముడయ్యాయో తెలిస్తే ఈ ఇంటి విలువ తేల్చడం సులువు. ప్రపంచమంతా వాల్యూయర్లు మొట్టమొదట నమ్ముకునేది ఈ పోలిక పద్ధతినే. మన దగ్గర సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రతి సేల్ డీడ్ రికార్డై ఉంటుంది, సర్టిఫైడ్ కాపీ కూడా దొరుకుతుంది. కానీ అందులో రాసిన ధర ఎన్నోసార్లు చేతులు మారిన ధర కాదు. ప్రభుత్వం ప్రాంతాలవారీగా ఒక రేటు నిర్ణయిస్తుంది. స్టాంపు డ్యూటీ లెక్కకు అదే పునాది. తెలంగాణలో ఈ విలువలను 2021 జులైలో, మళ్లీ 2022 ఫిబ్రవరిలో సవరించారు. బజారు రేటు అంతకన్నా పైన ఉన్న చోట చాలామంది డీడ్‌లో ప్రభుత్వ విలువకు కాస్త అటూ ఇటూ రాసి, మిగతాది నగదుగా ఇచ్చిపుచ్చుకుంటారు. ఫలితంగా, పదిమంది నిజం రాయకపోవడం వల్ల పదకొండోవాడి ఇంటికి పోలిక చూపించడానికి ఆధారం ఉండదు. వాల్యూయర్ చేతిలో ఉన్న కాగితం తక్కువ చెబుతుంది, వీధిలో మాట ఎక్కువ చెబుతుంది. బ్యాంకుకు జవాబు చెప్పుకోవాల్సిన మనిషి కాగితం వైపే మొగ్గుతారు. తన ఇంటికి తక్కువ విలువ కట్టారని మండిపడే యజమాని, తాను కొన్నప్పుడు డీడ్‌లో ఎంత రాయించాడో ఒకసారి గుర్తుచేసుకుంటే కోపం సగం చల్లారుతుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు ఇచ్చే సర్టిఫికెట్ మీద ‘మార్కెట్ విలువ’ అనే ఉంటుంది. అది ప్రభుత్వ రేటే. దాన్ని బజారు ధర అనుకుని అమ్మేసినవారూ ఉన్నారు, బ్యాంకు అంతకంటే ఎక్కువ ఎందుకు ఇచ్చిందని ఆశ్చర్యపోయినవారూ ఉన్నారు.

తక్కువ రాస్తే డ్యూటీ మిగులుతుందనే ధీమా ఒకప్పుడు నడిచింది. ఇప్పుడు ఆదాయపు పన్ను చట్టం రెండు వైపులా పట్టుకుంటుంది. ఉదాహరణకు ప్రభుత్వ విలువ 60 లక్షలున్న ఇంటిని డీడ్‌లో 52 లక్షలకు రాశారనుకుందాం. పది శాతం వరకు తేడాను చట్టం క్షమిస్తుంది. 52 లక్షల మీద పది శాతం కలిపినా 57 లక్షల 20 వేలే. కాబట్టి అమ్మినవారికి 60 లక్షలు వచ్చినట్టే లెక్కగట్టి క్యాపిటల్ గెయిన్స్ పన్ను వేస్తారు. కొన్నవారికి ఆ ఎనిమిది లక్షల తేడా ఆదాయం కింద వస్తుంది. ఒకే ఎనిమిది లక్షల మీద ఇద్దరికీ పన్ను! ఇంటికి నిజంగానే లోపం ఉండి తక్కువకు అమ్ముడైతే, విషయాన్ని శాఖ వాల్యుయేషన్ అధికారికి పంపమని అడిగే హక్కు అమ్మినవారికి ఉంది. అప్పుడు అమ్మకం నాటి తేదీతో, లోపాలను ఫొటోలతో సహా చూపించిన వాల్యూయర్ రిపోర్టు బాగా అక్కరకొస్తుంది. నగదు మాటకొస్తే, 2015 జూన్ నుంచి స్థిరాస్తి లావాదేవీలో 20 వేలు, ఆ పైన నగదు తీసుకోవడం నిషేధం. పట్టుబడితే తీసుకున్నంతా పెనాల్టీ.

ఇక లెక్క ఎలా కడతారో చూద్దాం. ఇండిపెండెంట్ ఇల్లయితే నేల వేరు, కట్టడం వేరు. లెక్క కోసం 200 గజాల స్థలం, గజం 60 వేలు అనుకుంటే నేల విలువ కోటీ 20 లక్షలు. దాని మీద 1,800 చదరపు అడుగుల ఇల్లు, కట్టి ఇరవై ఏళ్లయింది. అలాంటి ఇల్లు ఇవాళ కట్టాలంటే అడుగుకు 1,800 చొప్పున 32 లక్షల 40 వేలు అవుతుందనుకుందాం. కాంక్రీటు కట్టడానికి అరవై ఏళ్ల ఆయుష్షు, చివరికి పది శాతం పాత సామాను విలువ మిగులుతుందని వేసుకుంటే, ఇరవై ఏళ్లకు తరుగు 30 శాతం, అంటే 9 లక్షల 72 వేలు. కట్టడానికి మిగిలింది 22 లక్షల 68 వేలు. మొత్తం కోటీ 42 లక్షల 68 వేలు. ఇందులో చూడాల్సింది ఒక్కటి: ఎనభై శాతం పైన నేలదే. గృహప్రవేశానికి వచ్చినవాళ్లంతా మెచ్చుకున్న ఇటాలియన్ మార్బుల్, మాడ్యులర్ కిచెన్, ఫాల్స్ సీలింగ్ ఈ లెక్కలో పెద్దగా కనిపించవు. ఇంటీరియర్స్‌కు పాతిక లక్షలు పోసి, అంతా ఇంటి విలువకు కలిసిందనుకునేవారికి ఈ రిపోర్టు చేదుగా ఉంటుంది.

వాస్తు సంగతి? వీధిపోటు ఉన్న ప్లాటుకు, ఈశాన్యం తెగిన స్థలానికి వాల్యూయర్ తగ్గించి కడితే అది ఆయన నమ్మకం కాదు. అలాంటి స్థలాన్ని చూడటానికే కొందరు రారు, వచ్చినవాళ్లు బేరమాడతారు. కొనేవారు తగ్గితే ధర తగ్గుతుంది. వాస్తు మీద నమ్మకం లేనివాళ్లకు ఇది కొనేటప్పుడు లాభం, అమ్మేటప్పుడు నష్టం. రెండూ గుర్తుపెట్టుకుని కొంటే గొడవే లేదు.

అపార్ట్‌మెంట్లలో అంకెలు కళ్లకు గంతలు కడతాయి. బిల్డర్ చెప్పేది సూపర్ బిల్టప్ ఏరియా. అందులో మెట్లు, లిఫ్టు, కారిడార్, ఒక్కోసారి క్లబ్‌హౌస్ వాటా కూడా కలిసి ఉంటాయి. 2016 రెరా చట్టం కార్పెట్ ఏరియాకు స్పష్టమైన నిర్వచనం ఇచ్చింది: లోపలి గోడలు కలుస్తాయి, బయటి గోడలు, షాఫ్టులు, బాల్కనీ కలవవు. రెండు ఫ్లాట్లను పోల్చాలంటే రెండిటికీ ఇదే కొలత తీసుకోవాలి. అంతకన్నా ముఖ్యమైంది డీడ్‌లో చిన్న అక్షరాల్లో ఉండే, నేలలో ఫ్లాటుకు దక్కే అవిభాజ్య వాటా ఎన్ని గజాలన్నది. కట్టడం ఏటా తరుగుతుంది, నేల తరగదు. పాత అయిదంతస్తుల అపార్ట్‌మెంటులో ఫ్లాటుకు యాభై అరవై గజాలు రావచ్చు. హైదరాబాద్‌లో 2006 తర్వాత నిర్మాణ విస్తీర్ణంపై ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి లేకుండా పెరిగిన ఎత్తయిన టవర్లలో అంతే సైజు ఫ్లాటుకు అందులో చిన్న ముక్కే దక్కుతుంది. ఇవాళ కొత్త టవర్ ఫ్లాటే ఖరీదు. ముప్పై ఏళ్ల తర్వాత రీడెవలప్‌మెంటు మాట వచ్చినప్పుడు మాత్రం గజాలే మాట్లాడతాయి. అపార్ట్‌మెంట్లలో రిపోర్టు చేయించుకునేవారు ఈ ఒక్క అంకె మీద వేలు పెట్టి అడగాలి.

కాగితాలు తేడాగా ఉంటే పైన చెప్పిందంతా వృథా. ప్లాను రెండంతస్తులకు తీసుకుని మూడోది లేపేస్తే, చాలా బ్యాంకుల రిపోర్టుల్లో ఆ మూడో అంతస్తుకు విలువ సున్నా. దాని మీద నెలనెలా కిరాయి వస్తున్నా సరే. చెరువు నిండుమట్టం (ఎఫ్‌టీఎల్) లోపలో, దాని చుట్టూ బఫర్‌లోనో స్థలం ఉంటే (పది హెక్టార్లు, ఆ పైన చెరువులకు బఫర్ 30 మీటర్లు) విలువ మాట అటుంచి అప్పు మాటే ఉండదు. స్థలం సర్వే నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఎ సెక్షన్ కింద నిషేధిత జాబితాలో ఉందేమో ముందే చూసుకోవాలి. దేవాదాయ, వక్ఫ్, ప్రభుత్వ భూముల చిట్టా అందులోనే ఉంటుంది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), లింకు డాక్యుమెంట్లు, మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్, ఇంటి పన్ను రసీదు ఒక ఫైలులో పెట్టి వాల్యూయర్ చేతికిస్తే సగం పని అయినట్టే. కాఫీ ఇవ్వడం మర్యాద, ఫైలు ఇవ్వడం అవసరం.

తేదీ ఎంత మార్పు తెస్తుందో అమరావతి రైతులను అడిగితే చెబుతారు. 2014 చివర్లో రాజధాని ఖరారైనప్పుడు, 2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చినప్పుడు, 2024లో ప్రభుత్వం మారినప్పుడు, అదే ప్లాటుకు మూడు వేర్వేరు విలువలు. నేల కదల్లేదు, రోడ్డు మారలేదు. ఈ మధ్యలో ఎప్పుడో రాయించిన రిపోర్టును ఇవాళ బేరానికి చూపితే నవ్వుతారు. పాత తేదీ కావాలనే అడిగే సందర్భమూ ఒకటుంది. తాతల నాటి ఇల్లు అమ్మితే పన్ను లెక్కకు 2001 ఏప్రిల్ 1 నాటి విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. ఆ నాటి ప్రభుత్వ విలువ దొరికితే, వాల్యూయర్ కట్టేది దాన్ని మించకూడదు. 2024 జులై 23కు ముందు కొన్న ఆస్తి అయితే, మన దేశంలో ఉండే వ్యక్తులు ఇండెక్సేషన్‌తో 20 శాతం, అది లేకుండా 12.5 శాతం రెండూ వేయించి తక్కువదాన్ని కట్టుకోవచ్చు. అమెరికాలో స్థిరపడి ఇక్కడి ఇల్లు అమ్ముకునేవారికి ఈ ఎంపిక లేదు. పిల్లలంతా అక్కడే ఉన్న తెలుగు కుటుంబాలు అమ్మకానికి ముందే ఆడిటర్‌ను కలవాల్సిన చోటు ఇది.

పంపకాల దగ్గర వాల్యూయర్ చేసే మేలు డబ్బుతో తూగదు. ఊళ్లో ఇల్లు ఒకరికి, టౌనులో ప్లాటు ఒకరికి, పొలం ఒకరికి అని పెద్దమనుషులు నోటి లెక్కతో తేల్చేస్తారు. పదేళ్లకు ప్లాటు పక్కన బైపాస్ పడుతుంది, మాటలు ఆగిపోతాయి. ఆంధ్రప్రదేశ్ 1986లోనే ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో వాటా ఇస్తూ చట్టం చేసింది. కేంద్రం ఆ దారికి 2005లో వచ్చింది. అయినా అక్కచెల్లెళ్ల చేత పసుపుకుంకుమల మాట చెప్పి సంతకాలు పెట్టించుకునే అలవాటు పోలేదు. సంతకానికి ముందు ఒకే తేదీ నాటికి, ఒకే వాల్యూయర్ చేత, అన్ని ఆస్తులకూ కట్టించిన రిపోర్టు బల్ల మీద ఉంటే, కనీసం ఎవరు ఎంత వదులుకుంటున్నారో అందరికీ తెలుస్తుంది. వాల్యూయర్ ఆ ఊరివాడో, ఏ అల్లుడి స్నేహితుడో కాకుండా చూసుకోవాలి.

రిపోర్టు చివరి పేజీలో మూడు నాలుగు అంకెలుంటాయి. ఫెయిర్ మార్కెట్ విలువ, తొందర లేని కొనేవారు, అమ్మేవారు కుదుర్చుకునే ధర. రియలైజబుల్ విలువ, కొంత తగ్గించి చేతికి రాగలదనుకునేది. డిస్ట్రెస్ విలువ, తరుముకొచ్చినప్పుడు అమ్మితే వచ్చేది. అప్పు మొండి బాకీగా మారి సర్ఫేసీ చట్టం కింద బ్యాంకు ఇల్లు అమ్మాలంటే ముందు వాల్యూయర్ రిపోర్టు తెప్పించుకుని రిజర్వు ధర పెట్టాలి. ఎవరూ రాకపోతే మరో వేలానికి ఆ ధర దిగుతుంది. బీమాకు మాత్రం తిరిగి కట్టడానికయ్యే ఖర్చొక్కటే లెక్క. అగ్నిప్రమాదంలో నేల కాలిపోదు గనుక, కోటిన్నర ఇంటికి కోటిన్నర బీమా తీసుకుని ఏటా ప్రీమియం ఎక్కువ కట్టేవారు ఊరికే కడుతున్నట్టే.

కొనేవారికి నొప్పి తెలిసేది అప్పు మంజూరు రోజున. ఉదాహరణకు బేరం 80 లక్షలకు కుదిరింది, బ్యాంకు వాల్యూయర్ 72 లక్షలు కట్టారు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 30 లక్షల వరకు అప్పుకు 90 శాతం, 30 నుంచి 75 లక్షల మధ్య 80 శాతం, ఆ పైన 75 శాతం దాటకూడదు. బ్యాంకులు రెండు అంకెల్లో తక్కువదాన్నే పట్టుకుంటాయి. 72లో 80 శాతం 57 లక్షల 60 వేలు. 64 లక్షలు వస్తాయనుకున్న మనిషికి ఉన్నట్టుండి 6 లక్షల 40 వేల లోటు. పైన రిజిస్ట్రేషన్ ఖర్చు, రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ దాదాపు ఏడున్నర శాతం. దానికి అప్పు దొరకదు. చేతి నుంచి పెట్టాల్సింది 28 లక్షలు దాటుతుంది.

అప్పుడేం చేయాలి? ముందు రిపోర్టు కాపీ అడగాలి. అమెరికాలో ఇంటి అప్పుకు అప్రైజల్ చేస్తే దాని కాపీ ఇవ్వడం 2014 నుంచి బ్యాంకు బాధ్యత. మన దగ్గర అడగనిదే రాదు, అడిగినా ఒక్కోసారి నసుగుతారు. వాల్యుయేషన్ ఖర్చు కట్టింది తామేనని గుర్తుచేస్తూ రాతపూర్వకంగా అడగడం మంచిది. చేతికొచ్చాక ఇంటి వయసు, విస్తీర్ణం, అంతస్తు, రోడ్డు వెడల్పు సరిగా పడ్డాయో చూడాలి. తప్పులు దొరికేది ఎక్కువగా అక్కడే. అదే వీధిలో ఈ ఏడాది రిజిస్టరైన రెండు మూడు సేల్ డీడ్‌ల సర్టిఫైడ్ కాపీలు జతచేసి, మళ్లీ చూడమని బ్రాంచికి లేఖ ఇవ్వొచ్చు. రెండో ప్యానెల్ వాల్యూయర్‌ను పంపమనీ అడగొచ్చు. ‘కొంచెం పెంచి రాయండి’ అని వాల్యూయర్‌ను పక్కకు పిలవడం మాత్రం వద్దు. పెరిగిన అంకె మీద పెరిగిన అప్పు తీర్చాల్సింది అడిగినవారే.

వాల్యూయర్ అంకె మారకపోతే, ఆ అంకెనే చేతబట్టుకుని అమ్మేవారి దగ్గర ధర తగ్గించమని అడగొచ్చు. కొందరు దిగివస్తారు. దిగిరాకపోతే బయానా సంగతేమిటన్నది అగ్రిమెంటు రాసిన రోజే తేలాలి. అమెరికా ఒప్పందాల్లో అప్రైజల్ తక్కువ వస్తే కొనేవారు తప్పుకునే షరతు మామూలే. మన అగ్రిమెంట్లలో గడువు దాటితే అడ్వాన్సు పోతుందన్న వాక్యం తప్పకుండా ఉంటుంది, ఇది ఉండదు. డాక్యుమెంటు రైటర్ చేత ఒక్క పేరా అదనంగా రాయించుకోవాలి: ఫలానా తేదీలోగా ఫలానా మొత్తానికి తగ్గకుండా బ్యాంకు అప్పు మంజూరు కాకపోయినా, బ్యాంకు వాల్యుయేషన్ ఒప్పుకున్న ధర కన్నా తక్కువ వచ్చినా, కొనేవారు కోరితే అగ్రిమెంటు రద్దవుతుందని, అడ్వాన్సు మొత్తం ఇన్ని రోజుల్లో తిరిగి ఇవ్వాలని. అమ్మేవారు ఒప్పుకోకపోతే, అడ్వాన్సు చిన్నదిగా ఇచ్చి, బ్యాంకు రిపోర్టు వచ్చాకే పెద్ద మొత్తం కదిలించాలి.